యురేనియం పంజరాలు

ద్రవ్యమంతా పరమాణువుల కలయిక వల్లనే రూపొందినదని ప్రాచీన భారతదేశంలో కణాదుని వైశేషిక దర్శనం ప్రతిపాదించింది. ఆధునిక విజ్ఞానశాస్త్రం పరమాణువును గూర్చి ప్రయోగసిద్ధమైన, భిన్నమైన వివరణను ఇచ్చింది. అయినను పరమాణువులు ఏ తీరున కలుస్తాయి, ఆ కలయికలో ఏ ఆకృతి పొందుతాయి అన్న ప్రశ్నకు నేటికీ ప్రాధాన్యం తగ్గలేదు. యురేనియం వంటి భార మూలకాల విషయంలో ఈ ప్రశ్న మానవుల భద్రతతో ముడిపడి ఉంది.

యురేనియంను 1789లో జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ కనుగొన్నాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు వెలుగుచూసిన యురేనస్ గ్రహం పేరునే ఆయన దీనికి పెట్టాడు. దీని పరమాణు సంఖ్య 92. పరమాణు సంఖ్య 89 నుండి 103 వరకు గల పదిహేను మూలకాలను యాక్టినైడ్లు అంటారు. నెప్ట్యూనియం, ప్లుటోనియంలు కూడా ఈ కుటుంబానికి చెందినవే. యురేనియంకు గల రేడియోధార్మికతను 1896లో ఫ్రెంచి శాస్త్రవేత్త బెకెరల్ గుర్తించాడు.

అణు విద్యుత్కేంద్రాలకు యురేనియం ప్రధాన ఇంధనం. మన దేశపు రియాక్టర్లకు కావలసిన యురేనియం డయాక్సైడ్ గుళికలను హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ తయారు చేస్తున్నది. రియాక్టరులో వాడిన తరువాత ఈ ఇంధనం నివురుగప్పిన నిప్పు వంటిది. అందులో ఏర్పడే ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే సుమారు 24,100 సంవత్సరాలు పడుతుంది. అంతకాలం అది భూగర్భ జలంలో కలవకుండా కాపాడటం ఎలా అన్నదే అసలు సమస్య.

భార మూలకాలు నీటిలో కరిగి విడివిడి అయాన్లుగా ప్రవహిస్తాయి, లేదా కరగక ఘనరూపంలో ఉన్నచోటనే నిలిచిపోతాయి అని భావించడం సహజం. కాని ఈ రెంటికీ నడుమ మరొక స్థితి ఉన్నది. కొన్ని పదుల పరమాణువులు గుంపుగా చేరి, కొద్ది నానోమీటర్ల పరిమాణం గల నిర్మాణాలుగా ఏర్పడటమే ఆ స్థితి. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. ఇంత చిన్న నిర్మాణాలు అడుగున పేరుకొనవు. నీటితో పాటు సాగిపోగలవు.

ఇది కేవలం ఊహ కాదు. అమెరికాలోని నెవాడా పరీక్షా క్షేత్రంలో 1968లో భూగర్భ అణు విస్ఫోటనం జరిగింది. దాని నుండి వెలువడిన ప్లుటోనియం 1.3 కిలోమీటర్ల దూరంలోని భూగర్భ జలంలో కనిపించినట్లు 1999లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నీటిలో తేలియాడే అతి సూక్ష్మమైన కొల్లాయిడ్ కణాలతో కలిసి ప్లుటోనియం ప్రయాణించిందని వారు నిర్ధారించారు. నీటిలో అంతగా కరగని ప్లుటోనియం ఎక్కువ దూరం పోదన్న నమ్మకాన్ని ఈ పరిశీలన సడలించింది. 2008లో 38 ప్లుటోనియం పరమాణువులు గల ఒక నానో సముదాయం యొక్క కచ్చితమైన నిర్మాణం కూడా వెల్లడైంది.

యురేనియం కథ ఇంకను ఆసక్తికరమైనది. ఆక్సిజన్ అందే నీటిలో యురేనియం సాధారణంగా యురేనైల్ అయానుగా ఉంటుంది. ఇది కావడి వంటిది. నడుమ యురేనియం, ఇరు కొసల రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకే సరళరేఖపై ఉంటాయి. కొసల నున్న ఆక్సిజన్లు ఇతరులతో సులభంగా బంధం ఏర్పరచవు. అందుచేత యురేనియం తన నడుము చుట్టూ మాత్రమే పొరుగువారితో చేయి కలుపుతుంది. ఫలితంగా చాలా యురేనైల్ సమ్మేళనాలలో చదునైన పొరలు ఏర్పడతాయి.

అయితే రెండు యురేనియంల నడుమ పెరాక్సైడ్ వారధిగా నిలిచినప్పుడు ఆ బంధం చదునుగా ఉండక వంగుతుంది. వెదురుబద్దలను చదునుగా అల్లితే తడక అవుతుంది. వంచి అల్లితే బుట్ట అవుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. వంపుతిరిగిన పొర చివరకు మూసుకొని బోలుగా ఉన్న పంజరంగా మారుతుంది. అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ బర్న్స్ బృందం ఇటువంటి గోళాకార నిర్మాణాలను 2005లో ప్రకటించింది. 2009లో 60 యురేనియంలు గల పంజరాన్ని వర్ణించింది. అందులో ప్రతి యురేనియం మూడు పొరుగు యురేనియంలతో ముడిపడి ఉంటుంది. 12 పంచభుజులు, 20 షడ్భుజులు కలిసిన ఫుట్‌బాల్ ఆకృతి దానిది. 1985లో కనుగొన్న 60 కార్బన్ల ఫుల్లరీన్ అణువుది కూడా ఈ ఆకృతియే. ఈ పంజరాలు గది ఉష్ణోగ్రత వద్ద, క్షార ద్రావణంలో తమంతట తామే రూపొందడం విశేషం.

ఇవి ప్రయోగశాలకే పరిమితమైన వింతలని అనుకోరాదు. వాడిన ఇంధనం నీటిని తాకినప్పుడు దాని వికిరణం నీటి అణువులను ఛేదిస్తుంది. అందువల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అనగా పంజరానికి అవసరమైన వారధిని ఇంధనమే తన చుట్టూ సృష్టించుకొంటుంది. స్టడ్‌టైట్ అనే యురేనైల్ పెరాక్సైడ్ ఖనిజం, నీటిలో నిల్వ ఉంచిన వాడిన ఇంధనంపై కనిపించడం ఇందుకు నిదర్శనం. 2011లో జపానులోని ఫుకుషిమా ప్రమాద సమయంలో రియాక్టర్లను చల్లబరచడానికి సముద్రజలాన్ని వాడారు. సముద్రజలంలోని సోడియం వంటి క్షారలోహ అయాన్ల సమక్షంలో ఇటువంటి పంజరాలు ఏర్పడి, యురేనియంను దూరప్రాంతాలకు మోసుకొనిపోయే అవకాశం ఉందని 2012లో శాస్త్రవేత్తలు హెచ్చరించారు.

కీడు కలిగించగల గుణమే తెలిసి వాడుకొంటే మేలును కూడా చేకూర్చగలదు. విడి అయాన్ల కంటే ఈ పంజరాలు పెద్దవి కనుక, తగిన సూక్ష్మ రంధ్రాలు గల పొర ద్వారా ద్రావణాన్ని వడగట్టి యురేనియంను వేరు చేయవచ్చునని ప్రయోగాలు నిరూపించాయి. వాడిన ఇంధనం నుండి యురేనియంను తిరిగి పొందడానికి ఇది ఒక మార్గం కాగలదు.

పొట్టివాడని తలచిన వామనుడు మూడడుగులతో లోకాలను కొలిచాడు. కంటికి కనరాని ఈ పంజరాలను కూడా చిన్నవని ఉపేక్షించరాదు. అణు వ్యర్థాలను వేల ఏండ్లు భద్రపరచవలసిన గనిని, గోడను, పాత్రను రూపొందించేవారు రేడియోధార్మిక పదార్థం ఎంత ఉన్నదో లెక్కించినంత మాత్రాన సరిపోదు. అది నీటిలో ఏ ఆకృతిలో ఉంటుందో కూడా తెలుసుకోవాలి. నేటి తరం వాడుకొన్న విద్యుత్తుకు మూల్యం రాబోయే తరాల మంచినీరు కారాదు.