పని వివరణ పత్రం: విశాఖ పరిశ్రమలకు స్వతంత్ర రచయితలు చేసే తెలుగు రచన

వ్యాససంగ్రహం

పరిశ్రమలు తమకు కావలసిన తెలుగు పాఠాలను తరచు స్వతంత్ర రచయితల (ఫ్రీలాన్సర్ల) చేత రాయిస్తుంటాయి. ఆ పనిని అప్పగించే పత్రాన్ని వాడుకలో 'బ్రీఫ్' అంటారు. ఉద్యోగికి పరిసరాలను బట్టి తెలిసిపోయే సమాచారాన్ని బయటి రచయితకు ఈ పత్రమే అందించాలి. విశాఖపట్నం పరిశ్రమల భద్రతా రచనలను ఆధారం చేసుకొని, స్పష్టమైన బ్రీఫ్‌లో ఉండవలసిన అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బ్రీఫ్, స్వతంత్ర రచయిత, స్కోపోస్ సిద్ధాంతం, భద్రతా రచన, వృత్తిపదాలు, విశాఖ ఉక్కు

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో సాగిన ఉద్యమం తరువాత, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. ఇటువంటి పారిశ్రామిక నగరంలో హెచ్చరిక బోర్డులు, శిక్షణ పుస్తకాలు, యంత్రాలను నడిపే పద్ధతులు, వీడియోల వ్యాఖ్యానాలు, పరిసర గ్రామాలకు పంచే కరపత్రాలు అన్నీ తెలుగులో కావాలి. కర్మాగారంలో ప్రదర్శించే చట్టబద్ధమైన ప్రకటనలు ఇంగ్లీషుతోపాటు అక్కడి కార్మికులలో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలో ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టం 108వ సెక్షన్ నిర్దేశించింది.

ఈ రచనలకు పాఠకులు కార్మికులు మాత్రమే కారు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు, దాని ప్రభావానికి గురైనవారు ఆర్.ఆర్. వెంకటాపురం పరిసరాలలోని ఇళ్లలో నిద్రిస్తున్న ప్రజలు. కాబట్టి ప్రమాద సూచన ఎవరికోసం రాస్తున్నామన్న ప్రశ్న ఈ నగరంలో ప్రాణాలతో ముడిపడినది. ఆ ప్రశ్నకు సమాధానం రచయిత ఊహించవలసినది కాదు; పని అప్పగించే సంస్థ ముందుగా రాసి ఇవ్వవలసినది.

2. బ్రీఫ్: భావన, నేపథ్యం

రాతలో స్పష్టతను గురించిన చర్చ మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని శాసనాధికార ప్రకరణం అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత్వం అనే ఆరింటిని లేఖగుణాలుగా పేర్కొంది. వ్యాఘాతాన్ని, అంటే ముందు చెప్పినదానికి తరువాత చెప్పినది విరుద్ధంగా ఉండడాన్ని, లేఖదోషాలలో చేర్చింది. ఒకరి ఆజ్ఞను మరొకరు అమలు చేయవలసినప్పుడు ఈ గుణదోషాల ఫలితం ఆచరణలో బయటపడుతుంది. బ్రీఫ్ కూడా అటువంటి లేఖయే.

ఆధునిక కాలంలో ఈ విషయాన్ని అనువాద అధ్యయనం నిశితంగా పరిశీలించింది. జర్మన్ పండితుడు హన్స్ వెర్మీర్ 1978లో ప్రతిపాదించిన స్కోపోస్ సిద్ధాంతం ప్రకారం, అనువాద పద్ధతిని ప్రధానంగా నిర్ణయించేది ఆ పాఠం నెరవేర్చవలసిన ప్రయోజనం. గ్రీకు భాషలో 'స్కోపోస్' అంటే లక్ష్యం. క్రిస్టియానె నోర్డ్ ఈ ఆలోచనను విస్తరించి, పాఠం చేయవలసిన పని, దాని పాఠకులు, అది చేరే కాలం, స్థలం, మాధ్యమం, దాన్ని రాయించడానికి కారణం అనే అంశాలు అనువాద బ్రీఫ్‌లో ఉండాలని వివరించారు. ఇవి స్వతంత్ర రచనకూ వర్తిస్తాయి.

3. ఏ నూనె? ఏ గ్యాస్?

భారత ఒప్పందాల చట్టం (1872) 29వ సెక్షన్ ప్రకారం, అర్థం నిశ్చితం కాని, నిశ్చితం చేయడానికి వీలు కూడా లేని ఒప్పందం చెల్లదు. ఆ సెక్షన్‌కు ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి వంద టన్నుల నూనె అమ్మకానికి సంబంధించినది. ఏ నూనెయో చెప్పలేదు కనుక ఆ ఒప్పందం చెల్లదు. అయితే అమ్మకందారు కొబ్బరినూనె మాత్రమే అమ్మే వ్యాపారి అయితే, అతని వ్యాపారమే ఆ మాటకు అర్థాన్నిస్తుంది.

ఉద్యోగికీ స్వతంత్ర రచయితకూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో పనిచేసే ఉద్యోగితో 'గ్యాస్' అంటే చాలు, పరిసరాలే ఆ మాటకు అర్థాన్నిస్తాయి. బయటి రచయితకు ఆ పరిసరాలు లేవు. అతనికి తెలిసిన గ్యాస్ వంటింటి సిలిండరులోది. లీకును గుర్తించడానికి దానిలో ఘాటైన వాసన గల పదార్థాన్ని కలుపుతారు. కనుక 'గ్యాస్ వాసన రాగానే వెంటనే బయటికి రండి' అని అతడు రాయడం సహజం. వాక్యం సరళంగా ఉంది, భాషాదోషం లేదు. కాని బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో ప్రమాదకరమైన భాగం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. వాసనకోసం ఎదురుచూసే కార్మికుడు స్పృహ తప్పిన తరువాత ఇక బయటికి రాలేడు. అక్కడ రాయవలసినది గ్యాస్ డిటెక్టర్ అలారం గురించి. అదే ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల నుంచి వచ్చే వాయువు సంగతి వేరు. దానికి వాసన ఉంటుంది. ఒకే ఆవరణలో ఒకే మాటకు రెండు అర్థాలు ఉన్నప్పుడు, ఏది ఉద్దేశించారో చెప్పే ఒక్క వాక్యం బ్రీఫ్‌లో లేకపోతే చక్కని తెలుగు కూడా ప్రమాదకారి అవుతుంది.

4. బ్రీఫ్‌లో ఉండవలసిన అంశాలు

4.1 ప్రయోజనం: 'అవగాహన కల్పించడం' వంటి మాటలు చాలవు. చదివిన తరువాత పాఠకుడు ఏమి చేయగలగాలో క్రియాపదంతో చెప్పాలి. 'అలారం మోగగానే పని ఆపి, గాలి వీచే దిశకు అడ్డంగా నడిచి, సమావేశ స్థలానికి చేరగలగాలి' అన్నది ప్రయోజన వాక్యం. తుది రచనను పరీక్షించే కొలమానం కూడా ఇదే.

4.2 పాఠకులు: శాశ్వత ఉద్యోగులా, కొత్తగా చేరిన కాంట్రాక్టు కార్మికులా, పరిసర గ్రామస్థులా? చదివేవారా, మరొకరు చదివితే వినేవారా? ఇతర రాష్ట్రాల కార్మికులు ఉన్న చోట తెలుగు పాఠంతోపాటు హిందీ, ఒడియా పాఠాలు కూడా వస్తాయా? ఈ వివరాలు వాక్యాల నిడివిని, చిత్రాల అవసరాన్ని నిర్ణయిస్తాయి.

4.3 పరిభాష: 'సరళమైన తెలుగు' అన్న మాటకు ఒక రచయిత ఇంగ్లీషు పదాలు లేని తెలుగు అనీ, మరొకరు వాడుకలోని తెలుగు అనీ అర్థం చెప్పుకోవచ్చు. మొదటివారు 'శిరస్త్రాణం' అని రాస్తారు. రెండవవారు 'హెల్మెట్' అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం, వృత్తులవారి నోట ఉన్న పదాలను సేకరించి వాటి విలువను నిరూపించింది. అదే పద్ధతిలో సంస్థ తన కార్మికుల మాటలతో ఇరవై ముప్పై పదాల పట్టికను బ్రీఫ్‌కు జతచేయాలి. విశాఖ ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఈ సంగతి తెలియని రచయితకు 'కృష్ణ దగ్గర' అన్నది నదిని గురించిన మాటగానే వినిపిస్తుంది.

4.4 ఆధారాలు, బాధ్యత: ఏ పత్రం ప్రామాణికమో, సందేహం వస్తే ఎవరిని అడగాలో, తుది ఆమోదం ఎవరిదో చెప్పాలి. ఆమోదించేది ఒక్కరే కావాలి. ఇద్దరు అధికారులు పరస్పర విరుద్ధమైన సవరణలు పంపితే అది కౌటిల్యుడు చెప్పిన వ్యాఘాతమే. సాంకేతిక విషయాల ఖచ్చితత్వానికి సంస్థ, భాషకు రచయిత బాధ్యులని రాసుకోవడం ఇద్దరికీ మేలు.

4.5 పరిమాణం, గడువు, పారితోషికం: పదాల సంఖ్య మూలపాఠానిదో, తెలుగు పాఠానిదో తేల్చాలి. ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలయ్యేది తెలుగులో ఒకే సమాసం కావచ్చు కనుక ఈ రెండు లెక్కలూ ఒకటి కావు. ఎన్నిసార్లు సవరించాలో, ఆపై సవరణలకు ఎంత చెల్లిస్తారో ముందే చెప్పాలి. బ్రీఫ్‌లో లేని విషయం తరువాత చేరితే అది సవరణ కాదు, కొత్త పని. రచయిత సూక్ష్మ సంస్థగా 'ఉద్యమ్'లో నమోదై ఉంటే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం ఒప్పందంలోని చెల్లింపు గడువు 45 రోజులు దాటరాదు.

4.6 హక్కులు: 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి విధుల్లో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానియే తొలి హక్కుదారు. ప్రైవేటు సంస్థకు స్వతంత్ర రచయిత రాసిన పాఠానికి మాత్రం సాధారణంగా రచయితయే తొలి హక్కుదారు. ప్రభుత్వ రంగ సంస్థ ఆదేశంపై తయారైన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, ఆ సంస్థ తొలి హక్కుదారు అవుతుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో కాలం పేర్కొనకపోతే అయిదేళ్లకే, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే ఆ బదిలీ పరిమితం.

5. నమూనా

'గ్యాస్ భద్రతపై తెలుగులో ఆకర్షణీయమైన రెండు పుటల కరపత్రం కావాలి, వీలైనంత త్వరగా' అన్నది తరచు కనిపించే తరహా బ్రీఫ్. పై అంశాల ప్రకారం దాన్ని ఇలా తిరగరాయవచ్చు:

'బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో కొత్తగా చేరే కాంట్రాక్టు కార్మికులకు మొదటి రోజు శిక్షణలో ఇచ్చే కరపత్రం. శిక్షకుడు చదివి వినిపిస్తారు. ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్ వల్ల. దానికి వాసన ఉండదు. డిటెక్టర్ అలారం మోగితే ఏమి చేయాలో, పడిపోయిన తోటివానిని రక్షించడానికి శ్వాసపరికరం లేకుండా ఎందుకు వెళ్లకూడదో కార్మికుడు తిరిగి చెప్పగలగాలి. తెలుగులో 400 పదాలు మించరాదు. పదాల పట్టిక, ఇంగ్లీషు భద్రతా నియమావళి జతచేశాం. రాయడానికి ముందు విభాగాన్ని చూపిస్తాం. తొలిప్రతికి పది రోజులు. రెండు సవరణలు పారితోషికంలో భాగం. ఆమోదం భద్రతాధికారిది.'

దీనికి పారితోషికం మొత్తం, చెల్లింపు తేదీ, హక్కుల వివరం చేరిస్తే పత్రం పూర్తవుతుంది. వాక్యాలు ఎలా ఉండాలో ఇందులో చెప్పలేదు. అది రచయిత నైపుణ్యం. ఏమి, ఎవరికి, ఎందుకు అన్నవి సంస్థ చెప్పాలి. ఎలా అన్నది రచయితకు వదలాలి.

6. ముగింపు

బ్రీఫ్‌ను పంపేముందు సంస్థ ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. దాన్ని వేరే విభాగంలోని ఉద్యోగికి ఇచ్చి, ఏమి రాయమంటున్నారో చెప్పమనాలి. అతనికి వచ్చే ప్రతి సందేహమూ బయటి రచయితకు వచ్చే సందేహమే. ఆ సందేహాలు తీరకుండా పని మొదలైతే రచయిత పారితోషికం లేని సవరణలతో, సంస్థ ఆలస్యంతో నష్టపోతాయి. భద్రతా రచనలో ఆ నష్టం చివరికి చేరేది కొలిమి ముందు నిలబడి ఆ కాగితాన్ని నమ్మిన కార్మికునికి. తెలుగు శాఖలు తమ అనువాద, రచనా పాఠ్యాంశాలలో పాఠం రాయడంతోపాటు బ్రీఫ్‌ను చదవడం, అందులో లేనిదాన్ని అడగడం కూడా నేర్పితే, ఈ పత్రం నాణ్యత రెండువైపుల నుంచీ మెరుగుపడుతుంది.