రాళ్లవానకు రేకులు పగిలితే

ఎండకాలం మొదట్లో ఒక్కోసారి రాళ్లవాన పడుతుంది. దాన్నే వడగళ్ల వాన అంటారు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్లు పడి నేల తెల్లగా అయింది.

గండిమైసమ్మ దిక్కు సిమెంటు రేకుల ఇళ్లున్నాయి. పెద్ద వడగళ్లు పడితే రేకులు పగులుతాయి. మళ్లీ కప్పు వేయాలంటే డబ్బు ఎక్కడిది?

మనిషికి ఉన్నట్టే ఇంటికీ బీమా ఉంది. ముందుగా కొంత డబ్బు కట్టాలి. నష్టం జరిగితే కంపెనీ పరిహారం ఇస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ వచ్చింది. గాలివాన, వరద, పిడుగు నష్టాలు ఇందులో ఉన్నాయి. రేకుల ఇంటికి వర్తిస్తుందా? వడగళ్ల నష్టం ఇస్తారా? డబ్బు కట్టకముందే అడగాలి. జవాబు పాలసీ కాగితంలో చూసుకోవాలి.

రేకులు పగిలితే ఏం చేయాలి?

వెంటనే కంపెనీకి చెప్పాలి. ఫోటోలు తీయాలి. ఇల్లు తడవకుండా టార్పాలిన్ కప్పుకోవచ్చు. కానీ పగిలిన రేకులు పారేయొద్దు. కంపెనీ సర్వేయరు వచ్చి వాటిని చూడాలి. రసీదులు దాచుకోవాలి. నష్టం చూసిన 30 రోజుల లోపల క్లెయిము దరఖాస్తు ఇవ్వాలి.

కంపెనీ కాదంటే?

మొదట కంపెనీకే రాసి ఫిర్యాదు ఇవ్వాలి. అప్పటికీ పని కాకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. అక్కడ ఫీజు లేదు. వకీలు అక్కర లేదు.

బీమా లేకపోతే?

ప్రభుత్వ ప్రకృతి వైపరీత్యాల జాబితాలో వడగళ్ల వాన ఉంది. దుండిగల్ గండిమైసమ్మ మండల తహసీల్దారుకు అర్జీ పెట్టి సాయం అడగవచ్చు. వాన పడిన తేదీ, జరిగిన నష్టం అందులో రాయాలి.

ఏ కాగితమైనా చదివిన తర్వాతే సంతకం పెట్టాలి. చదువు నేర్చింది ఇందుకే.