కాఫీ రుచిభేదములు: పండించువారు తెలిసికొనవలసిన సంగతులు

ఒకే కొండవాలున, ఒకే నీడచెట్ల క్రింద, ఒకే యేట నాటిన తోటలనుండి కాఫీ తెచ్చిన ఇరువురు సభ్యులకు రెండు ధరలు పలికినప్పుడు సంఘములలో గొడవ పుట్టుట కలదు. తూకమున మోసము జరిగినదనియో, పక్షపాతము చూపిరనియో తలచుట సహజము. కాని తూకము సరిగానే యుండవచ్చును. ధరలోని భేదము గింజలోని రుచివలన వచ్చినదై యుండవచ్చును. ఆ రుచిని కొనువాడు నాలుకతో ఎరుగును, అమ్మువాడు ఎరుగడు. మన ఏజెన్సీ గ్రామములలో తాము పండించిన గింజను తామే వేయించి, కాచుకొని త్రాగు కుటుంబములు అరుదు. పండ్లను సంతకో, సంఘపు కాటాకో చేర్చుటతో వారి పని ముగియును. బేరములో ఒక పక్షమునకే తెలిసిన గుణమునకు రెండవ పక్షమువారికి న్యాయమైన వెల దొరకుట దుర్లభము. కావున కాఫీరుచి యననేమి, అది యెక్కడ పుట్టును, ఎక్కడ చెడును అను విషయములను ఈ మాసమున కొంత విపులముగా వ్రాయుచున్నాము.

కాఫీ యనగానే చేదని మనవారు తలతురు. చేదు అందలి యొక భాగము మాత్రమే. మంచి కాఫీలో పులుపు, తీపి, చేదు మూడును కలసియుండును. వీనికి తోడు సువాసనయు, చిక్కదనమును కలవు. వర్తకుడు ఒక కాఫీని పులుపుగలదని చెప్పినప్పుడు అది నింద యని భావింపరాదు. పులుపులో రెండు జాతులున్నవి. కమలాపండులోని పులుపు వేరు, పాడైన గంజిలోని పులుపు వేరు. మొదటిది చక్కగా పండిన పండునకు గుర్తు. రెండవది తొట్టిలో అదుపుతప్పి పులిసినదానికి గుర్తు. చిక్కదనమన్నది పలుచని మజ్జిగకును గట్టి మజ్జిగకును నాలుకపై గల భేదము వంటిది. ఇక సువాసన విషయము తెలియగోరువారు ముక్కు మూసికొని ఒక గుక్క త్రాగి, పిమ్మట ముక్కు విడిచి చూడవలెను. రుచి యని మనమనుకొనుదానిలో అధికభాగము ముక్కుదేనని అప్పుడు తేటపడును.

మేలురకపు పొట్లములపై బెల్లము, నిమ్మ, మల్లెపూవు, చాకొలెట్టు అను మాటలు అచ్చువేయుదురు. వీనిని చూచి గింజలలో ఏదో కలిపిరని కొందరు అనుమానింతురు. ఏదియు కలుపలేదు, అవి పోలికలు మాత్రమే. ఆ పోలికలలో కొన్ని అమ్ముకొనువాని పాండిత్యమేగాని నాలుకకు అందునవి కావని మా యభిప్రాయము. అయినను బెల్లపు తీపి, నిమ్మపులుపు అనునవి శ్రద్ధగా త్రాగినవారికి నిజముగనే తెలియును.

రుచిభేదములకు మొదటి కారణము జాతి. లోకమున వ్యాపారమునకు వచ్చు కాఫీ ముఖ్యముగా అరబికా, రోబస్టా అని రెండు విధములు. అరబికా చల్లని ఎత్తైన ప్రదేశములను కోరును. రోబస్టా తక్కువ ఎత్తులలో, వేడిమికి ఓర్చి పెరుగును. అరబికా గింజలో కెఫీను నూటికి సుమారు 1.2 వంతులు, రోబస్టాలో సుమారు 2.2. కెఫీను చేదైనది, రోబస్టా యొక్క గాఢమైన చేదునకు అది యొక కారణము. మెత్తని పులుపు, తీపి, సువాసన కోరువారు అరబికాను, చిక్కదనము, నురుగు, ఘాటు కోరువారు రోబస్టాను కోరుదురు. మన దేశపు మొత్తము పంటలో రోబస్టాయే హెచ్చు. ఆంధ్రదేశపు మన్యములలో మాత్రము పండునది ప్రధానముగా అరబికా.

ఈ చెట్టు మనకు వచ్చిన కథ పెద్దది. బాబా బుడను అను ఫకీరు యెమెను దేశమునుండి ఏడు గింజలు తెచ్చి మైసూరు సీమలోని చిక్కమగళూరు కొండలపై నాటెనని పదునేడవ శతాబ్దమునకు సంబంధించిన ఐతిహ్యము చెప్పును. మన ప్రాంతమున 1898లో తూర్పుగోదావరి మన్యములోని పాములేరు లోయలో తెల్లదొరలు నాటించిరి. అటుపిమ్మట అది విశాఖ మన్యమునకు ప్రాకినది. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతములలో సిల్వరు ఓకు చెట్ల నీడను, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగెల మధ్యను గిరిజన కుటుంబములు చిన్న చిన్న తోటలలో దీనిని పెంచుచున్నవి. 2017లో పారిసు నగరమున అరకు పేరనే యొక కాఫీ యంగడి వెలసినది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. సభ్యులు ఒక్క సంగతి గమనింపవలెను: ఆ గుర్తింపు గింజ ఎక్కడ పండినదో చెప్పునే కాని, ఆ సంచిలోని గింజ రుచిగా నున్నదని హామీ యియ్యదు.

చల్లని ఎత్తుప్రదేశమున పండు నెమ్మదిగా పండును. పూత పూసినది మొదలు ఎనిమిది, తొమ్మిది నెలలు చెట్టుపైనే యుండి తీపి కూర్చుకొనును. ఈ మేలు కొండ మనకు ఉచితముగా ఇచ్చినది. దానిని పోగొట్టుకొనుటయో, నిలుపుకొనుటయో కోతనాటినుండి గోదాము వరకు జరుగు పనిలో నున్నది.

కోతలో తెలిసికొనవలసినది ఒక్కటే. కాఫీకొమ్మపై పండ్లన్నియు ఒకసారి పండవు. ఎర్రనివి, పసుపుపచ్చనివి, పచ్చికాయలు ప్రక్కప్రక్కనే యుండును. కొమ్మను పిడికిట పట్టి ఒక్కసారి దూసినచో పని త్వరగా అగును. కాని పచ్చికాయల గింజ వగరు. వేయించునప్పుడు అవి మిగిలినవానివలె రంగు తిరుగక పాలిపోయి యుండును. వాని రుచి వేరుసెనగ పొట్టును తలపించును. ఎర్రని పండ్లనే యేరి కోయవలెనన్న కార్తికము మొదలు మాఘము వరకు అదే చెట్టువద్దకు మూడు నాలుగు సార్లు పోవలెను. ఇది కూలితో కూడిన పని. పండుటెర్రని పండునకును, దూసి తెచ్చిన కలగాపులగమునకును కాటావద్ద ఒకే ధర కట్టు సంఘము, ఎర్రనివే కోయుడని ఎన్ని ప్రకటనలు వేసినను ప్రయోజనముండదు. రెండు ధరలు పెట్టి, ఆ భేదము కూలిఖర్చుకంటె హెచ్చుగా నుండునట్లు చూచిననే మాట చెల్లును. అంతేకాక, పంటకు ముందే బాకీపడినవాడు పండువరకు ఆగలేడు. మొదటి విడత కోతకే కొంత సొమ్ము చేతికిచ్చు ఏర్పాటు లేనిచోట రుచినిగూర్చి ఉపన్యసించుట వ్యర్థమని మేము స్పష్టముగా చెప్పుచున్నాము.

కోసిన పండ్లను ముందుగా నీటితొట్టిలో పోయవలెను. పురుగు తొలిచినవి, తాలువి, ఎండినవి తేలును, గట్టివి మునుగును. 2025లో అరకు ప్రాంతమున కాయతొలుచు పురుగు కానవచ్చిన పిమ్మట ఈ పని మరింత ముఖ్యమైనది. తేలినవానిలో పురుగున్నవానిని మరుగు నీటిలో ముంచి చంపవలెనే కాని తోటలో పారవేయరాదు. మునిగిన పండ్లతో కలుపక ఆరబెట్టి తక్కువ తరగతిగా అమ్ముకొనవచ్చును.

ఇక్కడినుండి మూడు దారులు కలవు. తొక్కతీసి, జిగురు కడిగి ఆరబెట్టినది పార్చిమెంటు కాఫీ. పండును పండుగానే ఎండబెట్టినది చెర్రీ కాఫీ. తొక్క తీసి జిగురును కొంత గింజపైననే నిలిపి ఎండబెట్టినది తేనెరకము. దీనిలో తేనె యేమియు లేదు, జిగురు ఎండునప్పటి తీరునుబట్టి వచ్చిన పేరది. కడిగిన కాఫీ తేటగా, పులుపు స్పష్టముగా నుండును. చెర్రీ కాఫీ చిక్కగా, పండ్లవాసనతో నుండును. కాని ఎండబెట్టుట ఆలస్యమైనను, దట్టముగా పోసినను బూజుపట్టి మూడింటిలో అతి హీనమైనదియు అదియే యగును. తేనెరకము ఈ రెంటికిని నడుమ నుండును.

కడిగిన కాఫీకి జాగ్రత్త అధికము. కోసిన దినముననే తొక్క తీయవలెను. పిమ్మట అరబికా జిగురు విడుటకు సుమారు 24 మొదలు 36 గంటలు పట్టును. చలి హెచ్చినచో ఇంకను ఆలస్యమగును. గడియారముకంటె చేయియే నమ్మదగినది. గుప్పెడు గింజలను నలిపినప్పుడు జారక, గులకరాళ్లవలె గరగరలాడినచో జిగురు విడినదని యర్థము. వెంటనే మంచినీట రెండు మూడు సార్లు కడుగవలెను. ఉదయము చూతములెమ్మని విడిచినచో పులుపు మితిమీరి దుర్గంధపు గింజలు పుట్టును. అట్టి గింజ యొక్కటి పడినను ఆ గిన్నెడు కాఫీ త్రాగ వీలుపడదు.

సంఘములలో కలహమునకు నిజమైన మూలము ఇదియే. పది కుటుంబముల పండ్లు ఒకే తొట్టిలో పడును. తొమ్మిదిమంది ఎర్రనివి తేగా ఒక్కరు నిన్నటివి గోనెలో వేడెక్కినవి తెచ్చినచో, ఆ యొక్క గంప రుచియే పదింటికిని చుట్టుకొనును. తొక్కతీయు యంత్రములో రాత్రి మిగిలిపోయిన గుప్పెడు గింజలు కుళ్ళి మరునాటి సరకులో కలసినను ఇదే ఫలము. కావున కాటావద్దనే పరీక్షించి వేరుచేయుట తెచ్చినవానిని అవమానించుట కాదు. మిగిలిన తొమ్మిదిమంది సొత్తును కాపాడుటయే. యంత్రమును ప్రతి సాయంకాలము కడుగు బాధ్యత ఒకరి పేర వ్రాసియుంచుట మంచిది. అందరి పనియన్నది ఎవరికిని పట్టదు గదా.

కాఫీగింజ ఇతర వాసనలను తేలికగా పీల్చుకొనును. మట్టినేలపై ఆరబెట్టినచో మట్టివాసన, పేడ అలికిన కల్లముపై పేడవాసన పట్టును. ఎత్తుగా కట్టిన తడికెలపైనో, వలపైనో పలుచగా పోసి తరచుగా తిరుగవేయుచు, రాత్రి మంచునుండి కప్పి యుంచినచో ఏడెనిమిది మొదలు పది దినములలో తేమ నూటికి 10 వంతులకు దిగును. అప్పుడు గింజను కొరికినను పంటిగాటు పడదు. మన మన్యమునకు ప్రత్యేకమైన ప్రమాదము మరియొకటి కలదు: మిరియములు, కాఫీ ఒకే యింట, ఒకే యటుకపై నిలువయుండుట. మిరియపు ఘాటు సోకిన కాఫీని కొనువాడు మొదటి గుక్కలోనే పట్టును. ఎరువులు మోసిన సంచి, కిరసనాయిలు డబ్బా, ఎండుచేప, ఇవన్నియు దూరముగా నుండవలసినవే. సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో పచ్చగింజ వచ్చును. అంత శ్రమపడి తెచ్చినది ఒక పాతసంచివలన చెడరాదు.

ఇక వేయించుట. గింజలను సుమారు 200 డిగ్రీల వేడికి తెచ్చినప్పుడు పేలాలవలె చిటపటలాడును. ఆ చప్పుడు తగ్గిన కొలది సేపటికి దింపినది లేతవేపు. అందులో పులుపును, తోట యొక్క గుణమును తెలియును. ఇంకను వేయించినకొలది పులుపు తగ్గి చేదు హెచ్చును. నల్లబడి నూనె తేలిన గింజలో ఏ కొండదైనను రుచి ఇంచుమించు ఒకటే. మాడ్చుట లోపములను కప్పును, గుణములనుకూడ కప్పును. కిలో పచ్చగింజ వేగిన పిమ్మట 800 మొదలు 850 గ్రాములు తూగును. పొడి ధరను పచ్చగింజ ధరతో పోల్చునప్పుడు ఈ తరుగు మరువరాదు.

ఇంటికి కొనువారికి రెండు మాటలు. పాలతో త్రాగువారికి మధ్యరకపు వేపో, కొంచెము ముదురువేపో, అరబికాలో కొంత రోబస్టా కలిపినదో తగును; లేతవేపు కాఫీ పాలలో పలుచనై తేలిపోవును. పాలులేక త్రాగువారికి కడిగిన అరబికా లేతవేపు మేలు. చికోరి యన్నది యొక మొక్క వేరు. వేయించి పొడిచేసి కలుపుదురు. అది రంగును, చిక్కదనమును ఇచ్చును. అందులో కెఫీను లేదు, కాఫీవాసనయు లేదు. చికోరి కలిపిన కాఫీ రుచించుట తప్పు కాదు. చికోరికి కాఫీవెల యిచ్చుట నష్టము. కలగలుపు పొట్లములో కాఫీ నూటికి 51 వంతులకు తగ్గరాదనియు, ఏది యెంతయో పొట్లముపై చెప్పవలెననియు నిబంధన కలదు. ఆ అంకెను చదివి మరీ కొనవలెను. పీబెర్రీ యని హెచ్చుధరకు అమ్మునది వేరు జాతి కాదు. పండులో రెండు గింజలకు బదులు ఒక్కటే గుండ్రముగా ఏర్పడినది. పెద్దగింజ తరగతులు సైతము పరిమాణమును తెలుపునే కాని రుచిని తెలుపవు. పొడిని కొద్దికొద్దిగా కొని, గట్టిమూత డబ్బాలో ఉంచుకొనవలెను.

కడపటి సంగతి, ప్రతి సంఘమును చేయదగిన పరీక్ష. ప్రతి తొట్టి సరకునుండి గుప్పెడు గింజలు తీసి, తొట్టి సంఖ్య వ్రాసి, లేతగా వేయించి, మరునాడు బరకగా పొడిచేయవలెను. ఒకే సరకునకు అయిదు గిన్నెలు పెట్టి, ఒక్కొక్కదానిలో సుమారు 8 గ్రాముల పొడి వేసి, మరిగి కొంచెము తగ్గిన నీరు 150 మిల్లీలీటర్లు పోయవలెను. నాలుగు నిమిషములకు పైతెట్టను చెంచాతో విరిచి వాసన చూచి, తెట్ట తీసివేసి, గోరువెచ్చనైన పిమ్మట చప్పుడగునట్లు జుర్రవలెను. వేడిగా నున్నప్పుడు తెలియని దోషము చల్లారినప్పుడు తెలియును. అయిదింటిలో ఒక్క గిన్నె మాత్రమే కంపుకొట్టినచో చెడుగింజ కలసినదని, అయిదును వగరైనచో పచ్చికాయలు కలసినవని, అయిదును మట్టివాసన వేసినచో కల్లము మార్చవలెనని గ్రహించవచ్చును. ఇది సరకులన్నిటిని ఒకటిగా కలుపుటకు ముందే జరుగవలెను. ఆ తొట్టికి పండ్లు తెచ్చిన సభ్యులు స్త్రీలతోకూడ అక్కడ కూర్చుండి రుచి చూడవలెను. ఏలయన పండ్లు కోయునది, ఆరబెట్టునది చాలవరకు వారి చేతులే.