జూబ్లీహిల్స్ ఓటరు ఎక్కడుంటాడో మీకు తెలుసా?

జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో జూబ్లీహిల్స్ డివిజన్ లేదని మీకు తెలుసా? ఆ పేరున్న డివిజన్, దాని పక్కనే ఉన్న బంజారాహిల్స్ డివిజన్ రెండూ ఖైరతాబాద్ నియోజకవర్గం కిందికి వస్తాయి. 2025 ఉప ఎన్నిక నాటికి జూబ్లీహిల్స్ ఎమ్మెల్యేను ఎన్నుకున్నది యూసఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, వెంగళరావునగర్, షేక్‌పేట డివిజన్లు, సోమాజిగూడలో కొంత భాగం. దేశమంతటా ‘హైదరాబాద్ సంపన్నుల సీటు’గా పేరుపడిన చోట ఫలితం తేల్చేది అద్దె ఇళ్ల వాళ్లు, బస్తీల వాళ్లు, చిరుద్యోగులు.

మరి ఆ కొండలకు సంపద ఎప్పుడొచ్చింది? ఒకప్పుడు అవి రాళ్లగుట్టలే. బంజారాలు నివసించిన చోటు కాబట్టి బంజారాహిల్స్ అయింది. నిజాం కాలంలో అక్కడ ముందుగా ఇల్లు కట్టుకున్న ప్రముఖుల్లో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఒకరు. ఆయనే 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరయ్యారు. జూబ్లీహిల్స్ ఇంకా తర్వాతిది. 1960లలో చల్లగళ్ల నరసింహారావు చొరవతో ఏర్పడిన సహకార గృహ నిర్మాణ సంఘం దానికి పునాది.

ఈ కొండలన్నీ ఒకే నియోజకవర్గంగా ఉన్న రోజుల్లో వాటికి ప్రతినిధి ఒక కార్మిక నాయకుడు. ఆయనే పి. జనార్దన్‌రెడ్డి, నగరవాసులకు పీజేఆర్. 1978లో జనతా పార్టీ తరఫున, ఆ తర్వాత 1985, 1989, 1994, 2004లలో కాంగ్రెస్ తరఫున, మొత్తం ఐదుసార్లు ఖైరతాబాద్ నుంచి గెలిచారు. 1994లో కాంగ్రెస్ రాష్ట్రమంతటా 26 సీట్లకు పడిపోయినప్పుడు కూడా ఆయన సీటు నిలిచింది. శాసనసభలో ఆ పార్టీ పక్షానికి నాయకత్వం వహించిందీ ఆయనే. ఆయన బలం బంగళాల్లో లేదు. కార్మిక సంఘాల్లో, బస్తీల్లో ఉంది. తాగునీటి కోసం, ఇళ్ల పట్టాల కోసం జనంతో కలిసి రోడ్డెక్కిన మనిషి. హైదరాబాద్ రాజకీయ చరిత్ర రాసేవాళ్లు ఐటీ భవనాల గురించి రాసినంతగా ఈ బస్తీ రాజకీయం గురించి రాయరు. అది పెద్ద లోటు.

ఆయనను ఓడించింది సీబీఐ మాజీ డైరెక్టర్ అని తెలుసా? 1999లో తెలుగుదేశం తరఫున కె. విజయరామారావు గెలిచి, చంద్రబాబు మంత్రివర్గంలో చేరారు. 2004లో పీజేఆర్ ఆ సీటును మళ్లీ గెలుచుకున్నారు. 2007 డిసెంబరులో ఆయన కన్నుమూశాక, 2008 ఉప ఎన్నికలో కుమారుడు విష్ణువర్ధన్‌రెడ్డి నెగ్గారు.

రాష్ట్రంలోనే అత్యధిక ఓటర్లున్న నియోజకవర్గాల్లో ఒకటైన ఖైరతాబాద్‌ను 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజన చీల్చింది. అలా పుట్టిన జూబ్లీహిల్స్‌కు 2009లో తొలి ఎమ్మెల్యే కూడా విష్ణువర్ధన్‌రెడ్డే.

2014లో, తెలంగాణ ఏర్పడుతున్న వేళ జరిగిన ఎన్నికల్లో, ఇక్కడ గెలిచింది తెలుగుదేశం. ఆ పార్టీ తెలంగాణలో తెచ్చుకున్న 15 సీట్లలో చాలావరకు హైదరాబాద్‌లోనో, దాని చుట్టుపక్కలో ఉన్నవే. ఇక్కడ గెలిచిన మాగంటి గోపీనాథ్ తర్వాత టీఆర్‌ఎస్‌లో చేరి 2018లోనూ, 2023లోనూ నెగ్గారు. 2023లో ఆయన చేతిలో 16,337 ఓట్ల తేడాతో ఓడింది భారత క్రికెట్ జట్టు మాజీ కెప్టెన్ అజహరుద్దీన్.

వెండితెర వెనక పనిచేసే చాలామంది ఈ నియోజకవర్గంలోనే ఉంటారు. యూసఫ్‌గూడ పక్కన కృష్ణానగర్ ఇరుకు సందుల్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ మనుషులు, డ్యాన్సర్లు, అవకాశం కోసం ఊళ్లనుంచి వచ్చిన కుర్రాళ్లు అద్దెకుంటారు. తెలుగు సినిమా మద్రాసు నుంచి తరలి వచ్చిన క్రమంలో పెరిగిన పేట అది. ఎన్నికలొస్తే ప్రతి పార్టీకీ సినీ కార్మికులు గుర్తొచ్చేది అందుకే. మిగతా నాలుగున్నరేళ్లూ గుర్తుంటే వాళ్ల బతుకులు ఇంకోలా ఉండేవి.

ఇక్కడ ముస్లిం ఓటర్లు నాలుగో వంతుకు పైనే ఉంటారని పార్టీలు లెక్కవేసుకుంటాయి. ఓటర్ల జాబితాలో కులం, మతం గడులు ఉండవు. టీవీ చర్చల్లో వినిపించే శాతాలన్నీ అంచనాలేనని గుర్తుపెట్టుకోవాలి. అయినా ఆ అంచనాలే అభ్యర్థుల్ని ఎంపిక చేస్తాయి. నవీన్ యాదవ్ ప్రయాణం చూడండి. 2014లో మజ్లిస్ టికెట్ మీద రెండో స్థానం, 2018లో స్వతంత్ర అభ్యర్థి, 2025 నవంబరులో మజ్లిస్ మద్దతుతో కాంగ్రెస్ ఎమ్మెల్యే. గోపీనాథ్ మరణంతో వచ్చిన ఆ ఉప ఎన్నికలో నవీన్ యాదవ్‌కు గోపీనాథ్ భార్య సునీతపై 24,729 ఓట్ల ఆధిక్యం. ఈ లెక్కల నడుమే, పోలింగ్‌కు కొద్దిరోజుల ముందు అజహరుద్దీన్ కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రిగా ప్రమాణం చేశారు.

అదే ఉప ఎన్నికలో 58 మంది పోటీ చేశారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి కాబట్టి, నోటాతో కలిపి ప్రతి కేంద్రంలో నాలుగేసి యూనిట్లు కావాల్సి వచ్చాయి. నామినేషన్లు వేసినవాళ్లలో రీజినల్ రింగ్ రోడ్డుకు భూములు కోల్పోతున్న రైతులూ ఉన్నారు. నగరం నడిబొడ్డున జరుగుతున్న ఎన్నికైతే తమ గోడు వినపడుతుందని వాళ్ల ఆశ.

ఇంత హోరులోనూ ఓటేసింది సగం మంది కూడా కాదు. దాదాపు నాలుగు లక్షల ఓటర్లలో 48 శాతం పైచిలుకే కదిలారు. 2023 సాధారణ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద దాదాపు 71 శాతం నమోదైనప్పుడు కూడా ఇక్కడ సగానికి తక్కువే. విజేతకు వచ్చిన 98,988 ఓట్లు మొత్తం ఓటర్లలో పావు వంతు మాత్రమే. బూత్ నడిచి వెళ్లేంత దూరంలో ఉండి, సెలవు కూడా ఇచ్చాక ఈ అంకె చూస్తే బాధ కలుగుతుంది.

మరొక్కటి. ఈ నియోజకవర్గాల హద్దులన్నీ 2001 జనాభా లెక్కల మీద గీసినవి. తర్వాత నగరం ఎంత పెరిగినా గీతలు కదల్లేదు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం తెలంగాణ సీట్లను 119 నుంచి 153కు పెంచవచ్చంది. దాన్ని వెంటనే అమలు చేయాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో తోసిపుచ్చింది. రాజ్యాంగం ప్రకారం, 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు వెలువడే దాకా ఆగాల్సిందే.