సంకేత బంధములు: సంపూర్ణ మార్గము, సాపేక్ష మార్గము

పాత సంచికల పుటలను చిత్రములుగా తీసి కంప్యూటరులో భద్రపరచు సంఘములవారికి ఒక చిన్న విషయము తెలిసియుండుట మేలు. ఒకే పుటను ‘రచయితలు’ అను శీర్షిక క్రిందను, ‘సంవత్సరములు’ అను శీర్షిక క్రిందను చూపవలసివచ్చును. అందులకై పుటను రెండుమారులు నకలు చేయనక్కరలేదు. యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో సింబాలిక్ లింకు, అనగా సంకేత బంధము, అను సాధనము కలదు. యూనిక్సులో ఇది 1983లో వెలువడిన 4.2 బి.ఎస్.డి.తో వ్యాప్తిలోనికి వచ్చినది.

లింకులో పుట యుండదు. పుటకు దారి తెలుపు అక్షరములు మాత్రమే యుండును. ఆ దారి రెండు విధములు. ఏటవాలు గీతతో ఆరంభమై, మూలస్థానమునుండి లెక్కింపబడునది సంపూర్ణ మార్గము: ‘/భాండారము/సంచిక/పుటలు/మొదటిపుట’. లింకు ఉన్న డైరెక్టరీనుండి లెక్కింపబడునది సాపేక్ష మార్గము: ‘../పుటలు/మొదటిపుట’. రెండు చుక్కలకు ‘ఒక మెట్టు పైకి’ అని యర్థము.

మొదటిది ఊరు, వీధి, ఇంటి సంఖ్యలతో కూడిన చిరునామా వంటిది; రెండవది ‘మా యెదురిల్లు’ అనుట వంటిది. ఊరంతయు వేరొకచోటికి తరలినను ఎదురిల్లు ఎదురిల్లుగనే యుండును. పాత చిరునామా చెడును. మనమొక్కరమే కదలిపోయినచో చిరునామాయే పనికివచ్చును. గమ్యమే కదలినచో రెండును వ్యర్థములు.

బెంగుళూరు సంఘమువారు ‘సంచిక’ను సమస్తముగా, లింకులను లింకులుగనే, ఒక డిస్కుపైకి నకలుచేసి బరంపురమునకు పంపిరనుకొందము. అచ్చటి కంప్యూటరులో డిస్కునకు వేరొక స్థానము లభించును. సాపేక్ష లింకులు యథాప్రకారము పనిచేయును. సంపూర్ణ లింకులు ‘/భాండారము’ను వెదకి, అట్టిది లేదని తెలుపును. ఇంతకంటె మోసకరమైన సంగతి యొకటి కలదు. ఆ డిస్కును పంపుటకు ముందు బెంగుళూరు కంప్యూటరులోనే పరీక్షించినచో, సంపూర్ణ లింకు మూలప్రతిలోని పుటనే తెరచును. నకలు సరిగానున్నదని భ్రమ కలుగును; లోపము బరంపురమున గాని బయటపడదు.

లింకును నిర్మించు ‘ఎల్.ఎన్. -ఎస్’ ఆజ్ఞ, గమ్యము కలదో లేదో విచారింపదు. సాపేక్ష మార్గమును మనము నిలిచిన చోటినుండి గాక, లింకు ఉండబోవు చోటినుండి లెక్కింపవలెను. గ్ను ‘ఎల్.ఎన్.’లో ‘-ఆర్’ గుర్తును గూడ చేర్చినచో ఆ లెక్కను యంత్రమే చేయును.

కావున, కలసి ప్రయాణము చేయు వస్తువులకు సాపేక్ష మార్గమును, స్థిరముగా ఒకచోట నిలుచు వస్తువును చూపుటకు సంపూర్ణ మార్గమును తగియుండును. ఏ నకలునైనను మరియొక కంప్యూటరులో తెరచి చూచిన పిమ్మటనే నమ్మవలెను.