బండి దిగలేని మనిషికి పెట్రోలు వాసన

కారులో పెట్రోలు వాసన వస్తే ఎవరైనా చేసేది ఒకటే. బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, తలుపు తీసుకుని దిగిపోతారు. మా అమ్మ అలా దిగలేదు. పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడిపోయాక ఆమెను కారులోంచి దించడం పెద్ద పని. ముందు డిక్కీలోంచి వీల్‌చైర్ తీసి విప్పాలి. తలుపు పక్కన ఆనించి రెండు చక్రాలకూ బ్రేకులు వేయాలి. ఆమె పాదాలు నేలకు ఆనాయో లేదో చూసుకుని, చంకల కింద చేతులు వేసి లేపి, మెల్లగా తిప్పి కుర్చీలో కూర్చోబెట్టాలి. మన్సూరాబాద్ నుంచి ఎల్బీనగర్‌కు ఫిజియోథెరపీకి తీసుకెళ్లినప్పుడల్లా చేసే పనే, చేతులకు అలవాటైపోయింది. అయినా నిమిషాలు పడతాయి. మంటలు అంతసేపు ఆగవు.

అందుకే ఇంధన వ్యవస్థలో లోపం ఉందని ఫలానా కంపెనీ ఇన్ని వేల కార్లను వెనక్కి పిలిచిందన్న వార్త కనబడితే నేను పేజీ తిప్పలేను. రీకాల్ అంటే కంపెనీ బండిని లాగేసుకోవడం కాదు. తయారీలో తప్పు దొర్లిన భాగాన్ని ఉచితంగా పరీక్షించి, అవసరమైతే మార్చి ఇస్తుంది. చిక్కల్లా ఆ కబురు ఎవరికి చేరుతుందన్నదే.

మా ఇంట్లో ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2019 మోడల్ వ్యాగన్ఆర్. వీల్‌చైర్ ఉన్న ఇళ్లకు ఆ కారు బాగా నప్పుతుంది. కప్పు ఎత్తు కాబట్టి తల తగలదు, సీటు మరీ కిందికి ఉండదు కాబట్టి కుర్చీలోంచి జరగడం తేలిక. ఆ మోడల్ చరిత్ర తిరగేస్తే రెండు రీకాల్స్ కనబడ్డాయి. 2019 ఆగస్టులో మారుతి సుజుకి 1 లీటరు ఇంజను వ్యాగన్ఆర్‌లు 40,618 పిలిచింది. 2018 నవంబరు 15 నుంచి 2019 ఆగస్టు 12 దాకా తయారైన ఆ బళ్లలో పెట్రోలు గొట్టం ఒక లోహపు క్లాంపుకు రాసుకునే అవకాశం ఉందన్నది అనుమానం. ఏడాది తిరగకుండానే, 2020 జులైలో, ఫ్యూయల్ పంపులో లోపం ఉండొచ్చని వ్యాగన్ఆర్‌లు 56,663, బాలెనోలు 78,222 మళ్లీ పిలిచింది. 2019 తొలి నెలల్లో తయారైన కారు రెండు జాబితాల్లోనూ ఉండే వీలుంది.

గొట్టం రాసుకుంటే ఏమవుతుంది? ఇప్పటి పెట్రోలు కార్లలో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. అక్కణ్నుంచి ఇంజనుకు పెట్రోలు సుమారు 3 బార్ల ఒత్తిడితో వెళుతుంది. గొట్టానికి సన్నని చిల్లు పడితే పెట్రోలు బొట్లు బొట్లుగా కారడం కాదు, పిచికారీ కొట్టినట్టు చిమ్ముతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలబారున పరుచుకుంటుంది. గడ్డకట్టే చలిలో కూడా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, మన మే నెల ఎండల సంగతి చెప్పక్కర్లేదు. పంపు పాడైతే అంత మంట భయం లేదు కానీ బండి ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంది. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ మీద, వెనక లారీలు హారన్ కొడుతుంటే, దిగి నడవలేని మనిషితో ఆగిపోవడం నాకు మంటకంటే ఏమంత తక్కువ భయం కాదు.

అంతకుముందు 2014 ఏప్రిల్‌లో మారుతి చేసిన రీకాల్ మన బంకు అలవాటుతో ముడిపడింది. ఎర్టిగా, స్విఫ్ట్, డిజైర్ కలిపి 1,03,311 కార్లలో పెట్రోలు పోసే మూతి దగ్గరి గొట్టాన్ని మార్చడానికి కంపెనీ పిలిచింది. బంకు పైపు దానంతటదే ఆగిపోయాక కూడా పోస్తే వాసన రావచ్చు, కారనూ వచ్చు. మన బంకుల్లో పైపు 'టక్'మని ఆగాక కూడా లెక్క సరిచేయడానికి ఇంకో రెండు మూడుసార్లు నొక్కుతారు. 'రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్?' అని అడిగితే నేను వద్దంటాను. లోపం లేని కారుకైనా అది మంచిది కాదు.

అమెరికాలో ఈ సమస్య ఇంకో రూపంలో ఉంటుంది. అక్కడ మన తెలుగువాళ్లు పెద్దవాళ్లను పిలిపించుకుంటున్నారు, వాళ్లలో వీల్‌చైర్ అవసరమైనవాళ్లూ ఉంటున్నారు. కుర్చీలో కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే ఎక్కించుకునే మినీవ్యాన్లు అక్కడ దొరుకుతాయి. చిన్నప్పుడే కండరాల జబ్బు బయటపడి వీల్‌చైర్ వాడాల్సి వచ్చిన రాల్ఫ్ బ్రౌన్ ఇండియానా రాష్ట్రంలో పెట్టిన కంపెనీ ఇలాంటి వ్యాన్లకు పేరు. కుర్చీతో సహా మనిషి తల కప్పుకు తగలకూడదంటే బండి నేలను 10 అంగుళాలకు పైగా దించాలి. ఆ నేల కిందే ట్యాంకు, గొట్టాలు ఉంటాయి. అందుకని చాలా మోడళ్లలో ట్యాంకును కదపాలి, లేదా వేరే ట్యాంకు పెట్టాలి, గొట్టాలకు కొత్త దారి వేయాలి. పెట్రోలు మూతి నుంచి ట్యాంకు దాకా ప్రతి అతుకూ మళ్లీ కొత్తగా వేసినదే అవుతుంది. ఇలా మార్చిన వ్యాన్లలో ట్యాంకు, గొట్టాల లోపాల మీద అక్కడ రీకాల్స్ వచ్చాయి. కొత్త బండిని అమ్మకానికి ముందే మార్చే కంపెనీ తన పనికి తనే జవాబుదారీ, లోపం బయటపడితే రీకాల్ కూడా అదే ప్రకటించాలి. అక్కడున్న పిల్లలు కారు కంపెనీ పేరు ఒక్కటే చూసి ఊరుకోకుండా మార్పు చేసిన కంపెనీ పేరుతోనూ వెతకాలి.

మన దగ్గర అలాంటి పరిశ్రమ ఇంకా లేనట్టే. ఉన్నది ఆటోనగర్ మెకానిక్ షెడ్లే. వెనక సీటు తీసేసి, ర్యాంపు పెట్టి, కుర్చీని పట్టి ఉంచే రింగులు బిగించుకుందామా అని నేనూ ఆలోచించాను. అక్కడి మెకానిక్ ఒకాయన మాట్లాడకుండా వెనక సీటు పైకి లేపి, కింద రేకును వేలితో తట్టి చూపించాడు. "దీని కిందనే ట్యాంకు ఉంటదన్నా. ఈడ డ్రిల్లు పెట్టమంటే నేనైతే పెట్ట" అన్నాడు. ఆ రోజు ఆయన ఒక బేరం వదులుకున్నాడు. అలా చెప్పేవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉంటారన్న భరోసా లేదు. చిన్న కార్లలో ట్యాంకు చాలావరకు వెనక సీటు కిందే ఉంటుంది. అక్కడ బోల్టు దించడం, వెల్డింగ్ చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పుకు అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి. దాన్ని కాగితాల బెడదగా చూడొద్దు. ట్యాంకు ఎక్కడుందో తెలిసిన మనిషి ఒకరు బండిని చూసే అవకాశం అదొక్కటే.

ట్యాంకు పగిలితే ఏమవుతుందో మనం చూశాం. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని, ట్యాంకు పగిలి, 45 మంది కాలిపోయారు. నడవగలిగిన వాళ్లకే సందు దొరకలేదు.

మన దేశంలో 2012 నుంచి రీకాల్ కంపెనీల ఇష్టం మీద, వాహన తయారీదార్ల సంఘం సియామ్ నియమావళి ప్రకారం నడిచింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ చేరింది, 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ప్రభుత్వమే రీకాల్ చేయమని ఆదేశించవచ్చు, 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అయితే అది 7 ఏళ్లలోపు బళ్లకే. నాకు ఇది చాలా అన్యాయంగా కనిపిస్తుంది. కుర్చీకి తగ్గట్టు ఒకసారి డబ్బు పోసి సర్దుకున్న కారును ఎవరూ ఏడేళ్లకు మార్చరు. అమెరికాలో 15 ఏళ్ల వయసు బండికి కూడా రీకాల్ మరమ్మతు ఉచితంగా చేయాలి.

చూసుకోవడం మాత్రం కష్టం కాదు. ఆర్సీ మీద అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉన్న ఛాసిస్ నంబరు ఉంటుంది. చాలా మారుతి బళ్లకు అది ఎంఏ3తో మొదలవుతుంది. కంపెనీ సైటులో ఆ నంబరు కొట్టినా, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి చూపించినా మన బండి జాబితాలో ఉందో లేదో, ఉంటే పని అయిందో లేదో చెప్పేస్తారు. మా కారుకు మొదటి యజమాని హయాంలోనే రెండు పనులూ అయిపోయాయని తేలింది. కబురు అందుకుని బండిని తీసుకెళ్లిన ఆ పెద్దమనిషెవరో నాకు తెలియదు, మా అమ్మ ఆయనకు రుణపడి ఉంది.

అందరికీ అలాంటి యజమాని దొరకడు. కంపెనీ దగ్గర ఉండేది చాలాసార్లు మొదట కొన్నవాళ్ల ఫోన్ నంబరే, బండి చేతులు మారిందని దానికి తెలియకపోవచ్చు. పాత బండి కొనేటప్పుడు పెండింగ్ చలాన్లు చూడటం మనకు అలవాటే. ఫారం 29, 30 పెట్టి పేరు మార్చుకునే కౌంటర్లోనే పెండింగ్ రీకాల్ కూడా తెర మీద కనబడాలి, కొత్త యజమాని నంబరు కంపెనీకి అప్పుడే చేరిపోవాలి. బండి వివరాలు ఆ కౌంటర్ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. రవాణా శాఖ ఈ ఒక్క పని చేయాలని అడుగుతున్నాను, ముందు వీల్‌చైర్ కోసం మార్పు చేసినట్టు ఆర్సీలో రాసి ఉన్న బళ్లకు.