వేసవిలో పొంచి ఉన్న చలి

దూరపు కొండలు నునుపు అన్నది మన పెద్దల మాట. ఆ మాట న్యూహాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాలలో విస్తరించిన వైట్ మౌంటెన్ జాతీయారణ్యానికి అక్షరాలా వర్తిస్తుంది. విచ్చలవిడిగా కలప నరికివేతకూ, కార్చిచ్చులకూ గురైన ఈ కొండలను కాపాడటానికి 1911 నాటి వీక్స్ చట్టం క్రింద ప్రభుత్వం భూములు కొని, 1918లో ఈ అరణ్యాన్ని ఏర్పరచింది. బోస్టన్ నుంచి కొన్ని గంటల ప్రయాణం. వేసవి సెలవులలో పిల్లాపాపలతో కొండలెక్కి, గుడారాలు వేసుకొని గడపటానికి అనువైన చోటు.

ఇక్కడి మౌంట్ వాషింగ్టన్ శిఖరం ఎత్తు 6,288 అడుగులు. హిమాలయాల ముందు ఇది చిన్న గుట్ట. అయినా 1934 ఏప్రిల్ 12న ఈ శిఖరంపై గాలి గంటకు 231 మైళ్ల వేగంతో వీచినట్లు నమోదయింది. 1900 జూన్ 30న, నడివేసవిలో, కొండలెక్కడంలో ఆరితేరిన ఇద్దరు ఇక్కడ మంచు తుఫానులో చిక్కి మరణించారు. వేసవిలో ఇంత చలి ఎక్కడిది?

పైకి వెళ్లేకొద్దీ వాయుపీడనం తగ్గుతుంది. కొండవాలు వెంట పైకెక్కే గాలి అందువల్ల వ్యాకోచిస్తుంది. వ్యాకోచానికి కావలసిన శక్తిని తన వేడిమి నుంచే తీసుకోవటంతో అది చల్లబడుతుంది. సగటున ప్రతి 1,000 అడుగులకు సుమారు మూడున్నర ఫారెన్‌హీట్ డిగ్రీల ఉష్ణోగ్రత తగ్గుతుంది. తిరుపతి కంటే తిరుమల చల్లగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. 2,000 అడుగుల ఎత్తున ఉన్న లోయలో 70 డిగ్రీలుంటే శిఖరంపై 55 డిగ్రీలే ఉండవచ్చు. దానికి గాలి తోడవుతుంది. మన చర్మాన్ని అంటిపెట్టుకొని ఉండే వెచ్చని గాలిపొరను అది ఎప్పటికప్పుడు ఊడ్చివేస్తుంది.

మన అలవాటు ఇక్కడే మనకు శత్రువవుతుంది. మన ఎండలకు నూలుబట్టను మించినది లేదు. అది చెమటను పీల్చుకొంటుంది. ఆ తడి ఆవిరవుతూ శరీరపు వేడిని తీసుకుపోతుంది. ఆంధ్రదేశంలో వరమైన ఆ గుణమే చలిగాలిలో శాపమవుతుంది. పైగా నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగివేస్తుంది. అందువల్ల నూలు చొక్కాలు, జీన్సు లోయలోనే వదలి, ఉన్ని లేదా పాలియెస్టర్ దుస్తులు, వాటిపై గాలివాన చొరని కోటు ధరించాలి.

శరీరపు లోపలి ఉష్ణోగ్రత 95 డిగ్రీల కంటే తగ్గితే ఆ స్థితిని హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు, తరువాత మాట తడబడుతుంది, వేళ్లు పట్టు తప్పుతాయి, ఆలోచన మందగిస్తుంది. వణుకుతున్న మనిషి వేడెక్కకుండానే వణుకు ఆగిపోతే కుదుటపడినట్లు కాదు, ప్రమాదం ముదిరినట్లు. బాధితునికి తన స్థితి తనకు తెలియదు కనుక తోడున్నవారే గమనించాలి. గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు మార్చి, కప్పి, తెలివిగా ఉంటే తీయని వేడి పానీయం ఇవ్వాలి. మద్యం ఎంతమాత్రమూ ఇవ్వరాదు. స్థితి విషమిస్తే వెంటనే వైద్యసహాయం కోరాలి.

రాత్రివేళ చల్లని గాలి బరువెక్కి పల్లానికి జారుతుంది. కనుక గుడారాన్ని లోయ అడుగున కాక, చెట్ల చాటున కాస్త మెరక మీద, అనుమతి ఉన్న చోట వేసుకోవాలి. నేల కూడా వేడిని లాగుతుంది. కనుక పైన కప్పుకోవటంతో పాటు క్రింద మందపు పరుపు పరచుకోవటమూ అంతే అవసరం.

బయలుదేరే ఉదయం లోయ వాతావరణంతో తృప్తి పడక, శిఖరపు వాతావరణ సూచన చూడండి. తిరిగిరావలసిన వేళ ముందే నిర్ణయించుకోండి. మబ్బు కమ్మినా, పిల్లలు వణికినా వెనుదిరగండి. కొండను గౌరవించటమంటే అదే.